పర్వాలేదండి

వెనక తలుపుకి బయటినుంచి తాళం పడేది. రోజూ పొద్దున్నే, పని మొదలైన కాసేపటికే. ముందు గొలుసు గరగరలాడేది, తర్వాత తాళం టక్కుమనేది, ఆ తర్వాత సరిగ్గా పడిందో లేదో అని ఒకసారి లాగి చూసిన చప్పుడు. ఆ ఆఖరి చప్పుడు విన్నాకే ఇస్త్రీ అక్క రోలరు దగ్గరికి వెళ్ళి నిలబడేది.  తలుపు ఎందుకు మూస్తున్నారని ఆమె ఏనాడూ అడగలేదు. అడగాలని లేక కాదు. నోటిదాకా వచ్చిన మాటని మింగేయడం ఆమెకి చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య.

అది హోటళ్ళ బట్టలు ఉతికే లాండ్రీ. పేరుకి లాండ్రీ, చూడ్డానికి గోదాము. ఒక వరసలో మనిషి నిలువుగా పట్టేంత ఉతికే యంత్రాలు, వాటికి ఎదురుగా డ్రైయర్లు, మధ్యలో చక్రాల తొట్టెలు, ఆ చివర పొడుగాటి ఇస్త్రీ రోలరు. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా సాగదీసి, రోలరు నోటికి అందించాలి. వేళ్ళు తొందరపడి వదిలితే దుప్పటి వంకరపోతుంది, ఆలస్యంగా వదిలితే వేళ్ళే పోతాయి. ఆ పని మీద ఉన్నది కాబట్టే ఆమె అందరికీ ఇస్త్రీ అక్క అయింది. రెండో కొస పట్టుకునే అమ్మాయిని రేడియో అనేవాళ్ళు. పొద్దున్న స్విచ్చి వేస్తే సాయంత్రం దాకా ఆగదు కాబట్టి.

"మనల్నెవరైనా ఎత్తుకుపోతారని బాబాయ్‌కి బెంగక్కా, అందుకే తాళం," అనేది రేడియో, దుప్పటి విదిలిస్తూ. "నిన్ను ఎత్తుకుపోయినవాడు ఆ సాయంత్రానికే తెచ్చి దింపేస్తాడులే," అనేది అక్క. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వుతూనే ఇద్దరూ ఒకసారి తలుపు వైపు చూసేవాళ్ళు.

బాబాయ్ అంటే యజమాని కాదు, యజమాని పెట్టిన సూపర్‌వైజరు. మనవాడే, మన భాషే. ఈ దేశానికి వచ్చి జుట్టు నెరిసినవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "సారేంటర్రా, బాబాయ్ అనండి. పరాయి దేశంలో మీకు నేను కాక ఎవరున్నారు?" అనేవాడు. వినడానికి చల్లగా ఉండేది. సార్‌తో అయితే గొడవ పెట్టుకోవచ్చు, బాబాయ్‌తో ఎలా పెట్టుకుంటారు? పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకుంటే భద్రం కోసం అన్నాడు, నమ్మారు. దుప్పట్లు దొంగతనంగా పోతున్నాయని వెనక తలుపుకి గొలుసు వేశాడు, మనల్ని అనడంలేదులే అనుకున్నారు. వ్యాను వేసుకుని హోటళ్ళకి సరుకు ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు వీధివైపున్న తన ఆఫీసు గదికి కూడా తాళం వేసుకునేవాడు. ఆ గదిలోంచి తప్ప వీధిలోకి వేరే దారి లేదు. కిటికీలు ఉన్నాయి, నిచ్చెనకి కూడా అందనంత ఎత్తులో, తెరుచుకోని అద్దాలతో. అంటే బాబాయ్ బయటికెళ్ళిన ప్రతిసారీ లోపల ఉన్నవాళ్ళు ఖైదీలే. ఆ మాట మాత్రం ఎవరూ అనుకోలేదు. మన బాబాయ్ ఉండగా ఖైదు ఏమిటి?

ఇంతకీ ఆమె ఎందుకు ఊరుకుంది? పిరికిది కాబట్టి అనుకునేరు. అసలు కారణం వింటే మనసు ఇంకోలా కలుక్కుమంటుంది. ఆమెకి ఈ దేశంలో హాయిగా ఉంది.

భర్త పోయాక ఆమె అన్నగారింట్లో ఉండేది. అన్న చెడ్డవాడు కాదు, వదిన గయ్యాళి కాదు. కానీ గుమ్మం దాటితే చాలు, "ఎక్కడికి?" అనే మాట ఎదురొచ్చేది. వదిన అడిగేది. పక్కింటివాళ్ళు అడిగేవాళ్ళు. కొట్టువాడు అడిగేవాడు. రిక్షా అతను అడిగితే అర్థం ఉంది, రిక్షా ఎక్కనప్పుడు కూడా అతనే అడిగేవాడు. అందరూ పలకరింపుగానే అడిగేవాళ్ళు, అందరికీ ఆమె జవాబు చెప్పుకునేది. జవాబు లేనిచోటికి వెళ్ళడం మానేసింది. చివరికి వెళ్ళడమే మానేసింది.

ఇక్కడికి వచ్చాక మొదటి సెలవురోజు ఆమె గదిలోంచి బయటికొచ్చి, వీధి చివరిదాకా నడిచి, అక్కడో బెంచీ మీద కూర్చుంది. పనేమీ లేదు. ఎవరికోసమూ కాదు. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని వీపు బిగబట్టుకునే కూర్చుంది. మనుషులు వెళ్తున్నారు, కుక్కల్ని తిప్పుకుంటున్నారు, ఒకావిడ పక్కనే కూర్చుని చెప్పు విప్పి రాయి దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు. ఆమెకి మొదట భయం వేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. సైకిలు నేర్చుకుంది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. ఫోన్లో వదిన "ఎలా ఉంది అక్కడ?" అంటే "హాయిగా ఉంది వదినా" అనేది. అది అబద్ధం కాదు.

బయటి దేశాల్లో బతికే మనవాళ్ళకి అక్కడ స్వేచ్ఛ ఎక్కువా, సొంతచోట ఎక్కువా అని భోజనాలయ్యాక వాదించుకోవడం మనకి సరదా. ఆ వాదన చేసేవాళ్ళు ఎక్కువగా తమ తలుపు తాళంచెవి తమ జేబులోనే పెట్టుకుని తిరిగేవాళ్ళు. ఇస్త్రీ అక్క సంగతి వాళ్ళ వాదనలో ఎటువైపూ ఇమడదు. ఆమెకి వీధిలో దొరికిన స్వేచ్ఛ నిజం. ఆ స్వేచ్ఛని పోగొట్టుకుంటానేమోనన్న భయం అంతకంటే నిజం. ఆమె వీసా ఆ లాండ్రీ ఉద్యోగానికి ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే దేశం వదలాలి. దేశం వదిలితే మళ్ళీ ఆ గుమ్మం, ఆ ప్రశ్న. "నీ వీసా నా నాలుక చివర ఉందమ్మాయ్," అని బాబాయ్ అప్పుడప్పుడూ నాలుక బయటపెట్టి మరీ వేళాకోళం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, గబగబా ఇంకో దుప్పటి అందుకునేది. బెంచీ మీద కూర్చునే హక్కు కోసం ఆమె తాళం వేసిన గదిలో నిలబడింది. ఆమె స్వేచ్ఛే ఆమె నోటికి తాళమైంది.

ఒకరోజు పొద్దున్న గొలుసు చప్పుడు వినబడలేదు.

గొలుసు లేకపోవడం చూసి ఆమెకి సంతోషం కలగాలి. కలగలేదు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. వెనక సందులోంచి గాలి వస్తోంది. ఆఫీసు గదిలో ఎప్పుడూ ఉండే మంటలార్పే ఎర్ర సిలిండరు ఆవేళ డ్రైయర్ల పక్కన గోడకి వేలాడుతోంది. బాబాయ్ కొత్త చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏంటి బాబాయ్, పెళ్ళిచూపులా?" అంది రేడియో.

"నువ్వు నోరు మూసుకుంటే అంతా శుభమే. తనిఖీ అధికారి వస్తోంది. అడిగినదానికి నేను చెప్తాను, మీరు పని చూసుకోండి."

ఆవిడ వచ్చింది. పొడుగు మనిషి, మెడలో గుర్తింపు కార్డు. డ్రైయర్లు చూసింది, నేల చూసింది, తలుపుకి ఉన్న కొక్కేన్ని వేలితో తడిమి చూసింది. కొక్కెం దగ్గర గొలుసు ఒరుసుకుని రంగు పోయి ఉంది. ఆవిడ అక్కడ ఆగింది. తిరిగి చూసి, రోలరు దగ్గరున్న ఇద్దరిలో అక్కనే పిలిచి ఏదో అడిగింది. అక్కకి ఆ భాషలో కూలి మాటలు నాలుగు వచ్చు గానీ ఆ ప్రశ్న అందలేదు. "తలుపు" అన్న మాట మాత్రం అందింది. 

బాబాయ్ ముందుకొచ్చాడు. "నేను చెప్తానండీ, మా వాళ్ళే," అన్నట్టుగా ఆవిడతో నవ్వి, అక్కవైపు తిరిగాడు. "అమ్మాయ్, తలుపుల దగ్గర ఇబ్బందేమైనా ఉందా అని అడుగుతోంది. ఏం చెప్పను?" గొంతు తేనెలా ఉంది. కళ్ళు మాత్రం ఆమె కళ్ళని వదలడంలేదు.

అక్క తల వంచుకుంది. చేతిలో ఉన్న తడి దుప్పటి కొసని వేలికి చుట్టుకుంది.

"పర్వాలేదండి," అంది.

బాబాయ్ ఆ మాటని ఆవిడకి అందించాడు. ఆమె అన్నది ఒక్క మాట. బాబాయ్ చెప్పినది చాలాసేపు సాగింది. అందులో ఒక మాట అక్కకి తెలిసినదే. సబ్బు డబ్బాల మీద, హోటళ్ళ గోడల మీద నవ్వే బొమ్మల కింద రాసి ఉండే మాట. ఆనందం. ఇస్త్రీ అక్క చాలా ఆనందంగా ఉందని బాబాయ్ చెప్పాడు. అధికారి అక్క ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తలూపి, వెళ్ళిపోయింది.

"నువ్వు బంగారానివమ్మాయ్," అన్నాడు బాబాయ్. ఆ మధ్యాహ్నమే గొలుసు మళ్ళీ తలుపెక్కింది, ఎర్ర సిలిండరు మళ్ళీ ఆఫీసు గది చేరింది.

రేడియో ఆరోజంతా మాట్లాడలేదు. రోలరు చప్పుడు తప్ప ఏమీ లేని ఆ గదిలో అక్కకి ఊపిరాడలేదు. చివరికి తనే అడిగింది, "ఏంటే, బ్యాటరీ అయిపోయిందా?"

"ఆ మాట ఎందుకన్నావక్కా?"

"మరి ఏమనాలి? నువ్వు చెప్పొచ్చుగా!"

"నన్నడగలేదుగా! అడిగినా బాబాయ్ నన్ను చెప్పనిస్తాడా? నీ మొహం మెత్తగా ఉంటుంది, నిన్ను అడగ్గానే ఆయన ప్రాణం లేచొచ్చింది." రేడియో దుప్పటి విసురుగా లాగింది. "ఇదివరకు ఆయన తాళం వేశాడు. ఇప్పుడు నీ మాట మీద వేస్తున్నాడు."

అది తగలాల్సిన చోట తగిలింది. ఆరోజునుంచీ ఆమె భయం రంగు మారింది. డ్రైయరు కొంచెం గట్టిగా మూలిగితే తిరిగి చూసేది. వేడి నూలు వాసన ఎప్పుడూ ఉండేదే, ఆ వాసనలో ఇంకో వాసన ఏమైనా కలిసిందా అని ముక్కు ఎగబీల్చేది. పని మధ్యలో వెళ్ళి తలుపుని అరచేత్తో తోసి చూసేది. తలుపు కదిలేది కాదు. కదలదని తెలిసీ తోసేది.

మిగతావాళ్ళని సరుకు దించడానికి బాబాయ్ వ్యానులో తీసుకెళ్ళేవాడు కాబట్టి మధ్యాహ్నం పూట లోపల మిగిలేది వీళ్ళిద్దరే. ఓ మధ్యాహ్నం బాబాయ్ వ్యాను తీసుకుని వెళ్ళాక, హోటల్ వంటగదుల్లోంచి వచ్చిన తుడుపుగుడ్డల్ని డ్రైయర్లోంచి తీసి తొట్టెలో కుప్పగా పోశారు. నూనె జిడ్డు ఎంత ఉతికినా పూర్తిగా పోని గుడ్డలవి. వేడిగా ఉండగానే కుప్పపోస్తే లోపల్లోపలే రాజుకుంటాయి. చల్లార్చే టైము బాబాయ్ ఎప్పుడూ ఇవ్వలేదు. కాసేపటికి రేడియో మాట మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, ఏదో మాడుతున్నట్టు లేదూ?"

తొట్టెలోంచి సన్నటి పొగ, బూడిదరంగు దారంలా లేస్తోంది. ఆ దారం చూస్తుండగానే తాడైంది, స్తంభమైంది. ఒక్కసారిగా కుప్ప మధ్యలో ఎర్రటి కన్ను తెరుచుకుంది. తొట్టె పక్కనే ఆరిన దుప్పట్ల గుట్ట. రేడియో కేకపెట్టి తొట్టె ఇనుప అంచు పట్టుకుని ఇవతలికి లాగింది. అంచు అప్పటికే కాలిపోతోంది. ఆమె చెయ్యి వదల్లేదు, గుట్టకి దూరంగా లాగాకే వదిలింది. అప్పుడు వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు.

 ఎర్ర సిలిండరు తాళం వేసిన గదిలో ఉంది. అక్క వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదింది. సందులో ఎవరూ లేరు. మళ్ళీ వెనక్కి పరుగెత్తి, రోలరుకి అందించాల్సిన తడి దుప్పట్లని చేతికందినన్ని తెచ్చి తొట్టె మీద పడేసింది. ఒకటి, దాని మీద ఇంకొకటి. తడి గుడ్డ మీద మంట బుసకొట్టింది. మంట తగ్గింది గానీ పొగ చిక్కబడింది. నల్లటి, నూనె వాసన పొగ. కళ్ళు కనబడలేదు. ఇద్దరూ నేలమీద పడుకుని, వెనక తలుపు కింద వేలెడంత ఖాళీలో ముక్కు పెట్టి గాలి పీల్చుకున్నారు. రేడియో మంచి చేత్తో బాబాయ్‌కి ఫోను చేసింది.

"బాబాయ్, నిప్పంటుకుంది! తలుపు! తలుపు తియ్యాలి!"

అటునుంచి గొంతు వినబడింది. "ఫైరింజన్‌కి చెయ్యొద్దు. ఎవరికీ చెయ్యొద్దు. అర్థమైందా? వస్తున్నా."

"మేం చచ్చిపోతాం బాబాయ్!"

"ఏం చావరు. వస్తున్నానన్నానా?"

అక్క ఆ మాట విన్నది. తలుపు అవతల, సందు చివర కాలిబాట మీద ఎవరివో బూట్లు నడిచి వెళ్తున్న చప్పుడూ విన్నది. అరిచింది. ఏ భాషలో అరిచిందో ఆమెకే తెలియదు. బూట్ల చప్పుడు ఆగలేదు. తనని ఎవరూ చూడని చోటు కోసం ఆమె దేశం దాటి వచ్చింది. ఆ తలుపు సందులో ముక్కు ఆనించి పడుకున్నప్పుడు, ఎవరూ చూడకపోవడానికి రెండో ముఖం ఎలా ఉంటుందో చూసింది.

బాబాయ్ వచ్చి తాళం తీశాడు. ఇద్దర్నీ సందులోకి లాగి, ముందు లోపలికెళ్ళి ఎంత సరుకు పోయిందో చూసుకుని, తర్వాత బయటికొచ్చి వాళ్ళ పక్కన చతికిలబడ్డాడు. "ఎంత గండం తప్పింది తల్లీ," అన్నాడు.  "ఎవరితోనూ అనకండి. అన్నారంటే కంపెనీ మూస్తారు. మూస్తే మీరూ నేనూ అందరం ఇంటికే." మందుల షాపులో పూతమందు కొనిచ్చాడు. ఆసుపత్రి మాట ఎత్తితే ఎలా కాలిందని అడుగుతారన్నాడు.

రేడియో చెయ్యి వాచింది. బొబ్బలు చితికి రసి కారింది. ఆ పిల్ల మాట్లాడడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసి భయమేసింది అక్కకి, మంటలప్పటికంటే ఎక్కువగా. సెలవురోజు రాగానే లేవదీసి, చెయ్యి చున్నీలో చుట్టి, ఆసుపత్రికి బస్సెక్కించింది.

బస్సులో జనం లేరు. ఒక స్టాపులో బస్సు టైము కోసం ఆగింది. "అమ్మా, మండిపోతోందే," అని రేడియో మూలిగింది. డ్రైవరు సీట్లోంచి ఒకావిడ వెనక్కి తిరిగింది. నడివయసు మనిషి, యూనిఫాం, ముక్కున కళ్ళజోడు.

"ఏమ్మా, చేతికేమైంది?" తెలుగులోనే అడిగింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఈ దేశంలో సొంత భాష వినబడితే భయపడడం వాళ్ళకి అలవాటైపోయింది. బాబాయ్ మనిషేమో, బాబాయ్‌కి చెప్తుందేమో.

"పర్వాలేదండి," అంది అక్క.

డ్రైవరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "పర్వాలేదంటే?"

"అంటే... పర్వాలేదండి."

"చూడమ్మా, మా అమ్మ తుంటి విరిగి మంచంలో ఉన్నప్పుడు కూడా పర్వాలేదే అంది. మనవాళ్ళు బాగుంటే బాగుందంటారు. బాగా లేకపోతేనే ఆ మాటంటారు. ఇప్పుడు చెప్పు. ఎంత పర్వాలేదు?"

ఆ ప్రశ్న ఈ లోకంలో ఇంకో భాషవాళ్ళు అడగలేరు. తనిఖీ అధికారి తప్పు జరిగినదాంట్లో సగమే. ఆవిడకి ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుందని తెలియదు. తెలిసినవాడు తెలిసే దాచాడు. అక్క గొంతులో ఇన్నాళ్ళు మింగినదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. తాళం అంది. పొగ అంది. తలుపు సందు అంది. డ్రైవరమ్మ బస్సు టైము దాటిపోయినా కదల్లేదు. వెనక కూర్చున్న ముసలాయన గడియారం చూసుకుని గొణిగితే చెయ్యెత్తి ఆగమంది.

డ్రైవరమ్మ సెలవురోజుల్లో కార్మికుల సహాయ కేంద్రంలో కూర్చునేది. డ్యూటీ కాదు, ఎవరూ పురమాయించలేదు. రెండు భాషలు వచ్చు కాబట్టి వెళ్ళేది, అంతే. వైద్యం అయ్యాక ఇద్దర్నీ అక్కడికి రమ్మంది.

"అక్కడికొస్తే నన్ను పంపించేస్తారా?" అని అడిగింది అక్క.

"పంపించరని నేను చెప్పలేను. అబద్ధం చెప్పి తీసుకెళ్ళే మనిషి నీకు ఇప్పటికే ఒకాయన ఉన్నాడుగా. నేను నీ నోరు మాత్రమే అవుతాను. నువ్వన్నదానికి ఒక్క మాట కలపను, ఒక్క మాట తియ్యను."

వెళ్ళాలా వద్దా అని అక్క రోజుల తరబడి నలిగింది. సైకిలెక్కి బెంచీ దాకా వెళ్ళి, కూర్చోకుండా తిరిగొచ్చింది. అన్నయ్య ఫోన్లో "పనెలా ఉంది?" అంటే చెప్పబోయి ఆగిపోయింది. చెబితే "వచ్చెయ్" అంటాడు. ఆ మాటలో ప్రేమే ఉంటుంది. ఆ ప్రేమకే ఆమెకి వణుకు. చివరికి ఆమెని తీసుకెళ్ళింది ధైర్యం కాదు. రేడియో మంచానపడ్డాక రోలరు రెండో కొసకి బాబాయ్ ఒక కొత్త అమ్మాయిని తెచ్చాడు. ఆ పిల్ల మొదటిరోజే గొలుసు చప్పుడు విని, "అక్కా, అదేంటి?" అంది. అక్క నోట్లోంచి "ఏం లేదులే, పర్వాలేదు" అన్న మాట సగం వచ్చింది. ఆ సగం మాట విని ఆమెకి తన మీద తనకే భయమేసింది.

సహాయ కేంద్రం పిలిపిస్తే వచ్చి బల్ల అవతల కూర్చున్నది ఆ పొడుగు మనిషే, తనిఖీ అధికారి. ఆవిడ అక్కని గుర్తుపట్టింది. డ్రైవరమ్మ ఆవిడ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు అందించింది. "ఆరోజు మీరు ఆనందంగా ఉన్నానన్నారు కదా?"

"ఆ మాట నేను అనలేదు."

"మరేమన్నారు?"

అక్క చెప్పింది. డ్రైవరమ్మ ఆ మాటకి అటు భాషలో సరిపోయే మాట కోసం ఆగింది, ఒకటి చెప్పి కాదని తల అడ్డంగా ఊపింది, ఇంకొకటి చెప్పింది, చివరికి చేతులెత్తేసి చాలాసేపు వివరించింది. అధికారి ముందుకి వంగింది.

"ఆ మాటతో మీరు నాకు చెప్పాలనుకున్నదేంటి?"

  అక్క ఒకసారి తలుపు వైపు చూసింది. తలుపు ఓరగా తెరిచే ఉంది.

"భయంగా ఉందని," అంది. "నన్ను పంపించెయ్యకండి, భరిస్తాను, అని." ఆ తర్వాత ఆమె తలెత్తి, ఎవరి సాయమూ లేకుండా, తనకి వచ్చిన ఆ నాలుగు కూలి మాటల్నీ కూడదీసుకుని అటు భాషలోనే అంది: "తలుపు. తాళం. రోజూ."

అధికారి ఆ మూడు మాటల్నీ కాగితం మీద రాసుకుంది. తీపి కబుర్లేమీ చెప్పలేదు. తలుపు సంగతి ఆ పూటే చూస్తామంది. వీసా సంగతి తన చేతిలో లేదంది. ఇంకో చోట ఇంకొకరు విని తేలుస్తారు, అప్పటిదాకా ఉండొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు.

గొలుసు తెగింది. పాస్‌పోర్టులు బీరువాలోంచి బయటికొచ్చాయి. లాండ్రీ మూతపడింది. కొత్త అమ్మాయి వేరే చోట పనిలో చేరింది. రేడియో చెయ్యి మానింది గానీ రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. బాబాయ్ ఒకసారి ఫోను చేశాడు. "కన్నకూతుళ్ళలా చూసుకున్నాను కదర్రా, నా పొట్ట కొట్టడానికి నోరెలా వచ్చింది?" అన్నాడు. ఆయన గొంతు వింటే ఇప్పటికీ అక్కకి భయమే. అంతకంటే ఘోరం, కొంచెం జాలి కూడా కలుగుతుంది. ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు రేడియో పక్కన ముడుచుకుని కూర్చుంది.

"నిజం చెప్పక్కా, ఇక్కడ హాయా, అక్కడ హాయా?" అని అడిగింది రేడియో.

"అక్కడ ఎవరికి భయపడాలో తెలిసేది. ఇక్కడ తెలియదు," అంది అక్క. కాసేపాగి, "అయినా ఇక్కడే ఉంటానే," అంది.

ఇప్పుడు ఆమె బతుకంతా ఆ వీసా విచారణ మీద ఆనుకుని ఉంది. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చేస్తున్న పని ఆపి వింటుంది. పోస్టు డబ్బా తెరవడానికి రేడియోని పంపిస్తుంది. విచారణలో ఆమెని ప్రశ్నలడుగుతారు, ఆమె తెలుగులో చెబుతుంది, మధ్యలో ఎవరో ఒకరు కూర్చుంటారు. ఆరోజు డ్రైవరమ్మకి బస్సు డ్యూటీ ఉంది. సెలవు అడిగింది, డిపో ఇంకా ఇవ్వలేదు. డ్రైవరమ్మ రాకపోతే, ఎవరు దొరికితే వాళ్ళని కూర్చోబెడతారు. ఆ దొరికినవాళ్ళు ఇంకో బాబాయ్‌కి చుట్టమయ్యే వీలు అక్కడ చాలా ఎక్కువ. రెండు భాషలూ వచ్చి, తీరికగా కూర్చోగలిగే మనిషికి అంత కరువు.

కరువు నిజంగా ఉందా? దేశదేశాల్లో మనవాళ్ళు ఎంతమంది లేరు! రెండు భాషల్లోనూ జోకులు వేసుకునేవాళ్ళు, ఉపన్యాసాలిచ్చేవాళ్ళు, సంఘాలు పెట్టి వేదికలెక్కేవాళ్ళు. మీరు వాళ్ళలో ఒకరైతే ఇది మిమ్మల్నే అడుగుతున్నది. మీ ఊళ్ళో కార్మికుల సహాయ కేంద్రం ఎక్కడుందో ఈ వారమే కనుక్కోండి. వెళ్ళి, నాకు తెలుగు వచ్చు, నెలకి ఒక పూట కూర్చుంటానని చెప్పండి. మీ సంఘం తరఫున అక్కడి అధికారుల్ని గట్టిగా అడగండి: పనివాళ్ళ మాటని యజమాని మనిషి చేత అనువాదం చేయించొద్దని, వాళ్ళని విడిగా, సొంత భాషలో, రెండోసారి అడగమని. పక్కన కూర్చున్నప్పుడు వాళ్ళ మాటని అందంగా దిద్దకండి, చిన్నది చెయ్యకండి. తలవంచుకుని మొదట చెప్పిన జవాబు దగ్గర ఆగిపోకండి. ఆగి, ఎదురుగా కూర్చుని, మళ్ళీ అడగండి.

విచారణ తేదీ దగ్గరపడుతోంది. ఆమె పక్కన ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.